కంటి ఎత్తు

బ్లాక్‌హీత్ స్టేషన్‌లో దిగి
నలభై నిమిషాలు నడిస్తే
రోడ్డు అయిపోతుంది, కాసేపటికి నేల కూడా.
అక్కణ్ణుంచి నా ఉద్యోగం మొదలు.

ఇసుకరాయి. చూడ్డానికి కోటగోడ,
గోరుతో గీకితే పాత బెల్లం అచ్చు.
లాక్లన్ నడుముకి తాళ్ళు బిగించుకుని కిందికి జారి
రాయికి చెవి ఆనించి సుత్తితో తడతాడు.
ఖంగుమంటే సున్నంతో గుర్తు,
డొల్లగా పలికితే ఇంకో జానెడు పక్కకి.
కుండలు కొనేటప్పుడు మా మేనత్త చేసేదీ ఇదే,
కాకపోతే ఆవిడ కాళ్ళ కింద
రెండొందల మీటర్ల గాలి ఉండేది కాదు.

నేను గీసిన మొదటి బొమ్మ సిగ్గులేనిది.
లోయ మీదికి పన్నెండు మీటర్లు నాలుక చాపినట్టు,
గాజు నేల,
కొసన ఫొటోల కోసం గుండ్రటి చోటు.
కౌన్సిల్ వాళ్ళకి నచ్చింది.
నాకూ నచ్చింది. అక్కడే అనుమానం వచ్చింది.

మర్నాడు తెల్లారకుండా వెళ్ళి
ఆ అంచున ఊరికే కూర్చున్నాను.
నల్ల కాకటూలు రెండు
నా పాదాల కిందినుంచి ఎగిరి వెళ్ళాయి.
ఎగిరే పక్షి వీపు చూడ్డం అదే మొదలు.
తిరిగొచ్చి పది మీటర్లు చెరిపేశాను.

మిగిలినవి రెండు. వాటికి జల్లెడలాంటి ఇనుప నేల,
కింది పగుళ్ళలో ఫెర్న్ మొక్కలున్నాయి,
వాటి వాన వాటికి పడాలి.
జల్లెడ మీద కుక్కలు నడవవు.
కొందరు మనుషులూ నడవరు, పైకి చెప్పరంతే.
వాళ్ళకోసం ఒక వారగా చెక్కపలకలు.

అప్పుడొచ్చింది నెరిడా.
ఈ లోయలో పేరులేని దారులన్నీ నడిచిన మనిషి,
ఇప్పుడు చక్రాల కుర్చీ.
ర్యాంపు వాలు లెక్క ప్రకారమే ఉంది,
ఎవరి చెయ్యీ అడక్కుండా ఎక్కింది.
నమూనాగా నిలబెట్టిన రెయిలింగు ముందు ఆగి
చాలాసేపు చూసి,
"పైపు బాగుంది," అంది.

అర్థంకాక నిలబడ్డాను.
"నాకు కనబడేది అదే కదా."

వంగి, ఆమె భుజం పక్కన తల పెట్టాను.
నిజమే. ఎదుటి కొండ నడుముకి అడ్డంగా
నా పైపు.
పైన సగం జలపాతం, కింద సగం జలపాతం,
మధ్యలో నా డిగ్రీ.

ఆఫీసులో ఏ బొమ్మలో అయినా
ఒక మనిషిని నిలబెడతాం, కొలత తెలియడానికి.
టోపీ, వీపున సంచి, ఐదడుగుల ఎనిమిదంగుళాలు.
ఇరవయ్యేళ్ళుగా
ఆ కాగితం మనిషికి మోకాళ్ళు నొప్పెట్టలేదు.

ఎత్తు తగ్గించడానికి నిబంధన ఒప్పుకోదు.
అద్దం పెడితే పక్షులు వచ్చి కొట్టుకుంటాయి.
మూడు రాత్రులు గీశాను, చెరిపాను.
లిత్‌గో నుంచి వచ్చే వెల్డరు తువాన్
టీ ఊదుకుంటూ అన్నాడు:
"గుండ్రం దేనికి? పట్టీని పడుకోబెట్టు."

అరచెయ్యి వెడల్పు, చిటికెనవేలు మందం.
కూర్చున్న కంటికి అది
అంచువైపు నుంచి చూసిన చాకు.
ఒక్క గీత. ఆ గీతకి పైనా కిందా కొండే.
మధ్యలో వంగకుండా ఊచలు దగ్గర చేశాం.
ఖర్చు పెరిగింది, ఒకటి రెండు ఉత్తరాలు కూడా వచ్చాయి.

ప్రారంభం రోజున పొగమంచు.
లోయ ఉండాల్సిన చోట తెల్లగోడ.
రిబ్బను కత్తిరించినాయన
ఏమీ లేని వైపు చెయ్యి చాపి మాట్లాడాడు.
బస్సులో వచ్చినవాళ్ళు ఆ తెలుపునే ఫొటో తీసుకుని
కాఫీకి వెళ్ళిపోయారు.

బోల్టులు చూడాలన్న మిషతో నేనుండిపోయాను.
నెరిడా ఉండిపోయింది.
"అదిగో, అరవై తొమ్మిదిలో మేం పడుకున్న గుహ,"
వేలు చూపించింది.
వేలి వెంట చూశాను. వేలు వరకే కనబడింది.
ఎక్కడో కింద కురవాంగ్ పిట్ట ఒకటి అరిచి ఆపింది.
జల్లెడలోంచి నీళ్ళు చుక్కచుక్కగా
ఫెర్న్ మీదికి రాలుతున్నాయి.

ఆమె పట్టీ మీద చెయ్యి వేసి,
"చల్లగా ఉంది," అంది.
కాసేపాగి, "తీసేదాకా ఉంటావా?"

నా రైలు ఐదూ ఇరవైకి.
జల్లెడ మీద గొంతుక్కూర్చున్నాను,
కుర్చీ పక్కన,
ఆ ఎత్తులో.