విప్పి చూడనిచ్చే మిషను

ఆరు నెలలుగా చూస్తున్నా,
కొనలేదు.
దర్శనం క్యూలో కూడా ఇంతసేపు నిలబడలేదు నేను.

రైల్వే క్యారేజ్ షాపులో ఫిట్టర్ని.
బోగీ కింద పడుకుని
బేరింగు జబ్బును చెవితోనే పట్టేవాణ్ణి.
కాగితమంత సందు ఎక్కువైతే
ఆ రాత్రి నిద్ర ఉండదు నాకు.
అట్లాంటివాడు కాఫీ గింజ దగ్గర
ఊరికే రాజీపడతాడా?

ఎస్ప్రెస్సో మిషను ముందే వచ్చింది, బోనస్ డబ్బుతో.
వచ్చాకే తెలిసింది
అది ఉత్త వేడినీళ్ల పంపని,
అసలు సంగతంతా
రెండు ఉక్కు పళ్లేల నడుమ తేలుతుందని.
పద్దెనిమిది గ్రాముల పొడి.
మెత్తనైతే బొట్టు బొట్టుగా ఏడుస్తుంది,
గరుకైతే కుళాయిలా కారిపోతుంది.
ఆ నడిమి దారి పట్టడం
మా చట్నీ మిక్సీకి చేతకాదు.

"ఎంత?" అంది వసంతకుమారి.
చెప్పాను.
స్టవ్ తగ్గించి మళ్లీ అడిగింది.
మళ్లీ చెప్పాను, ఐదువేలు తగ్గించి.
"పలమనేరు సంతలో ఆ దుడ్లకి
పూటకి పది లీటర్లిచ్చే జెర్సీ ఆవొస్తుంది.
నీ మిషను పాలిస్తుందా?"
ఇవ్వదు, పేడ కూడా వెయ్యదు అన్నాను.
ఆ రాత్రి నాకు పెరుగు లేదు.

ఇటలీది ఒకటి, చూడ్డానికి బంగారం.
కానీ నిన్నటి పొడి కడుపులో దాచుకుంటుంది,
తొలి కప్పు ఎప్పుడూ నిన్నటిదే.
ఇంకొకటి తూకం కూడా తనే చూసుకుంటుంది,
చెడిపోతే మాత్రం పెట్టెలో పెట్టి
సముద్రం దాటించాలట.
చేత్తో తిప్పేది చవక,
నైట్ షిఫ్ట్ దిగిన భుజం ఒప్పుకోలేదు.
పైగా కొర్లగుంటలో మా గోడే పక్కింటి గోడ.
అవతల నెలల బిడ్డ.
నాలుగ్గంటలకి అరిచే మిషను వద్దు.

గాంధీ రోడ్డులో గుణశేఖర మొదలియార్ కొట్టుకి పోయా.
తండ్రినాటి మిషను, బెల్టు మీద నడిచేది,
మలుపులోనే ముక్కు పట్టి లాగేది.
గింజలిచ్చి, పట్టించన్నా అంటే
ఒకటి నోట్లో వేసుకుని కొరికి,
"ఇది చికోరీ మరిగిన నోరు సామీ.
నీ గింజను దీంట్లో వేస్తే
దానికీ మర్యాద కాదు, దీనికీ కాదు" అన్నాడు.
పోనీ ఏది కొనమంటావు?
ఆయన మూత తీశాడు.
నాలుగు బోల్టులు. స్పానరు మేకుకి వేలాడుతోంది.
పన్ను పన్నుకీ కాఫీ నూనె, నల్లగా మెరుస్తూ.
"మా నాయన పోయిన్నాడు కూడా
దీన్ని నేనే విప్పి నేనే బిగించినా."

అంతే, తేలిపోయింది.
అరవై నాలుగు మిల్లీమీటర్ల చదును పళ్లేలు,
మూడు స్క్రూలు, ఒకే ఒక్క అలెన్ కీ.
పేరు పలకడం ఇప్పటికీ రాదు.
మోసుకొచ్చిన ఆటో అతను
గ్యాస్ స్టవ్వా అని అడిగాడు.

ప్లగ్గు పెట్టకముందే విప్పాను.
పళ్ల అంచులకి మార్కరు నలుపు పూసి
ఒకదానికొకటి తాకేదాకా తిప్పి తీస్తే
ఒక్క పక్కే చెరిగింది.
నవ్వొచ్చింది.
ఎనభై వేలది కూడా
కుంటుతూనే వచ్చింది మా ఇంటికి.
చపాతీలు చుట్టే రేకు గోరంత చించి
కింద పెట్టి, మళ్లీ పూసి, మళ్లీ తిప్పి
పన్నెండున్నరకి
చుట్టూ సమంగా చెరిగింది.
వసంతని లేపి చూపిద్దామనుకున్నా.
లేపలేదు.

పొద్దున మూడు కప్పులు సింకులోకి.
నాలుగోది తీయబోతుంటే
ఈ కాఫీ ముట్టనని ఒట్టేసిన మనిషి వచ్చి
చిటికెడు పొడి
బొటనవేలి కింద నలిపింది.
"ముగ్గుపిండి చేసినావు.
రవ్వకీ దీనికీ నడాన ఉండాల.
మా అవ్వ రాగులు విసిరేది చూసుండావా?"
చూడలేదు.
రెండు గీతలు వెనక్కి తిప్పాను.
ఇరవై ఏడు సెకన్లు,
గానుగ నుంచి శనగనూనె దిగినట్టు దిగింది.

తనకి ఎప్పటిలా ఫిల్టరు కాఫీ, రెండు చెంచాల చక్కెర.
నేను నిలబడే తాగాను.
గోడ అవతల బిడ్డ లేవలేదు.