కర్మణి వాక్యం

హాలిఫాక్స్‌లో అక్టోబరు వాన
పడదు, వేలాడుతుంది.
సైకిల్ సమాఖ్య మీటింగు హాల్లో తడిసిన ఉన్నికోట్ల వాసన,
ఎవరి చేతికో అంటిన చైన్ గ్రీజు వాసన,
టీ అని పిలవబడే వేడినీళ్లు.

పద్నాలుగేళ్లుగా ఆ చివరి కుర్చీ నాది.
అందరూ మాట్లాడేది రాసేదాన్ని,
మాట్లాడేదాన్ని కాదు.

క్లిఫర్డ్ ఆక్రాయిడ్ గారిది ఇరవై రెండేళ్ల అధ్యక్షత.
మంచివారే. మా అమ్మాయి పుట్టినరోజు గుర్తుంచుకునేవారు.
చర్చ వేడెక్కితే
చివరి ల్యాపుకి కొట్టే ఇత్తడి గంట
బల్ల మీది నుంచి ఎత్తి ఒక్కసారి మోగించేవారు.
అందరూ తల వంచి తొక్కేవాళ్లు
సంతకాల గీత దాకా.

"వాక్యంలో పేర్లొద్దమ్మా," అనేవారు నాతో,
"పేర్లుంటే గొడవలు."

ఆ విద్య నాకు వచ్చిందే.
తెనాలిలో ఎనిమిదో తరగతి,
చింతలపాటి మేష్టారి సుద్దముక్క:
పిల్లి పాలు తాగింది.
పాలు పిల్లిచేత తాగబడ్డాయి.
"ఆ 'పిల్లిచేత' కూడా చెరిపేస్తే?"
పాలు తాగబడ్డాయి.
"చూశారా, పిల్లి గోడ దూకేసింది!"
క్లాసంతా నవ్వాం.

పద్నాలుగేళ్లు పిల్లుల్ని గోడ దూకించాను.
నిధులు మళ్లించబడినవి.
మహిళల పందెం రద్దు చేయబడినది.
డాక్టరు ఒప్పందం పొడిగించబడినది.
ఎంత నున్నటి రోడ్డో! ఒక్క గతుకు లేదు.

కీరన్ సట్‌క్లిఫ్ ఉత్తరం మూడు పేజీలు.
అప్పటికి పందొమ్మిదేళ్లు. నీలం సిరా, వంకర అక్షరాలు.
విటమిన్లని చెప్పి ఏం ఎక్కించారో,
వద్దన్న వారానికే జట్టులోంచి పేరెలా పోయిందో,
రాత్రి గుండె ఎలా కొట్టుకునేదో,
"కొండ దిగుతుంటే బ్రేకులు లేనట్టు" అని రాశాడు.
నా పుస్తకంలో అది ఒక్క లైను:
ఉత్తరం పక్కన పెట్టబడినది.

ఇప్పుడు టాడ్మర్డెన్‌లో బాయిలర్లు బాగుచేస్తాడట.
సైకిలు ఎక్కడట.

ఈసారి ఓట్లు నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది.
గెలిచింది మోరీన్ థ్రెల్‌ఫాల్.
ముప్ఫై ఏళ్లు గీత దగ్గర స్టాప్‌వాచీతో నిలబడ్డ మనిషి,
సెకనులో వందో వంతు కూడా
ఎవరిదో తేల్చకుండా వదలని మనిషి.
చప్పట్లు ఆగకముందే గంట తీసి
చెత్తబుట్ట పక్కన పెట్టింది.
సంస్కరణల కమిటీ, కొత్త లోగో, సలహాదారులు అని
ఎవరో జాబితా అందుకోబోతే
"తర్వాత," అంది.
"ముందు పాత పుస్తకం చదువుదాం.
ఒక్కటే అడుగుతాను, ఎవరు అని."

లేచి చదివాను.
మళ్లించబడినవి. ఎవరు?
ఆక్రాయిడ్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.
రద్దు చేయబడినది. ఎవరు?
మూడు చేతులు సగం దాకా లేచాయి.
పొడిగించబడినది. ఎవరు?
ఒకాయన కోటు తీసుకుని వెళ్లిపోయాడు.
అదీ జవాబే. పేరుతో సహా రాసుకున్నాను.

తర్వాతి లైను నాకు కంఠతా వచ్చు.
అయినా పుస్తకంలోకే చూస్తూ చదివాను.
ఎవరు?

గది ఆక్రాయిడ్ గారి వైపు చూసింది.
ఆయన నావైపు చూశారు.
నిజమే, ఆయన "చూద్దాంలే" అని మాత్రమే అన్నారు.
బీరువా తాళం నాది.
ఆకుపచ్చ ఫైలు, కింది అర.
అట్ట మీద ఏమీ రాయకుండా పెట్టింది ఈ చెయ్యే.

మేష్టారూ, ఒకటి మీరు చెప్పలేదు.
కర్త గోడ దూకినా
కర్మ ఎక్కడికీ పోదండీ,
ఎవడో కుర్రాడి నెత్తిన కూర్చుంటుంది.

"నేను," అన్నాను.
ఆ గదిలో నా సొంత మాట అదే మొదటిది.

మోరీన్ తిట్టలేదు, మెచ్చుకోలేదు.
"పేజీ నంబరు?" అంది.
చెప్పాను.
"అతని అడ్రసు కూడా కావాలి."

పెట్టబడినది కొట్టేసి
పెట్టాను అని రాశాను. సిరా కాస్త అలుక్కుంది.

రేపు టాడ్మర్డెన్ బస్సు ఎనిమిదీ పదికి.
తలుపు తీస్తాడో, లేదో.