పద్దెనిమిదో ఖానా

టేపు ఒక కొస తవిటయ్య చేతిలో,
రెండో కొస నా చేతిలో.
మధ్యలో గెడ్డవలస ఇటుకల తోవ.

ఆఫీసు కాగితంలో పదిహేడు ఖానాలు.
నేను లెక్కపెట్టినా పదిహేడే.
మేకల్ని అదిలిస్తూ దాటుతున్న ఎండమ్మ
ఆగకుండానే అంది:
"పద్దెనిమిది బాబూ. ఒకటి మునిగిపోనాది."

నాగావళి ఏటా ఇటు పొర్లుతుంది.
తంపర నిండి
వరికీ నీటికీ హద్దు చెరిగిన వేళ
ఈ తోవ ఎదురు నిలబడదు.
వెన్ను వంచి కూచుంటుంది.
ఖానాల్లోంచి కొంత, వీపు మీంచి కొంత
ఏటిని పోనిస్తుంది.
ఆ మూడు రోజులూ తవిటయ్య ఈ కొసన,
ఎర్రగుడ్డ కట్టిన కర్రతో,
లారీవాళ్ళ తిట్లు తింటూ.
ఇరవై రెండేళ్ళ సర్వీసు.
అందులో ఎంతకాలం తడిసి ఉన్నాడో
రిజిస్టరులో రాయరు.

మధ్యాహ్నం గునపం వేశాం.
మొలలోతు ఒండ్రు, గోగుకట్టెలు,
ఒంటి రబ్బరు చెప్పు, నత్తగుల్లలు,
ఆ కింద, చల్లగా, వంపు.
గానుగ సున్నం ఇంకా పళ్ళు బిగించే ఉంది.
గీరితే
నా గోరే అరిగింది.

వంపు నడినెత్తిన ఒక ఇటుక మీద
మూడు వేళ్ళ గుంటలు.
పచ్చిమట్టిని అచ్చులోంచి తీస్తూ
ఎవరో తొందరపడ్డారు.
చిన్న వేళ్ళు. పదేళ్ళుంటాయేమో.
మబ్బు కమ్మిందో,
మేస్త్రీ కేకేశాడో,
అంబలి వేళయిందో.
నా వేళ్ళు పెట్టి చూశాను, పట్టలేదు.
తవిటయ్య పెట్టలేదు.
చెప్పులు మాత్రం విడిచాడు.

ఫారంలో గడులున్నాయి:
పొడవు, వెడల్పు, స్థితి.
స్థితి దగ్గర "బలహీనం" అని
పొద్దున్నే రాసేశాను.
పైవాళ్ళు అలాగే రాయమన్నారు,
పక్కన కొత్త వంతెనకి స్తంభాలు కూడా లేచాయి.
కొట్టేసి ఏం రాయాలో తోచక
పెన్ను మూత తీసి
చాలాసేపు కూచున్నాను.

సాయంత్రం మేకలు తిరిగొచ్చాయి.
గోతిలోకి తొంగి చూసి ఎండమ్మ
"మా అత్త గోగునార ఇందులోనే దాసీది,
ఎండాకాలం" అంది.
కాస్త ఆగి,
"మళ్ళా కప్పెట్టీయండి బాబూ.
వానలకి ముందు ఇప్పితే
ఏరు కొత్త తోవనుకుంటాది."

పదిహేడు కొట్టేసి
పద్దెనిమిది వేశాను.
నా చేతిలో ఉన్నది అంతే.
టేపు చుడుతోంటే
పదమూడో మీటరు దగ్గర ఎర్రగా ఇటుకపొడి.
తవిటయ్య తుడవబోయాడు,
ఉండనీ అన్నాను.