సున్నాను జరిపారు

రేవు చివర ఆఖరి గుంజకి
మా నాన్న కొట్టిన రేకు ఉండేది.
తెల్ల రంగు మీద నల్ల గీతలు, అంగుళానికొకటి.
పీతల బుట్టలు తియ్యబోయే ముందు
పొద్దున్నే అది చూసి
సిగరెట్టు పెట్టె వెనక అంకె రాసుకునేవాడు.
ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది.
నెలకి నలభై డాలర్లు,
కౌంటీ వాళ్లిచ్చిన పెన్సిల్ ఒకటి.

ఇరవై ఆరేళ్లు రాశాను.

మొదట్లో నీరు చుట్టంలా వచ్చేది,
పున్నమికో అమావాస్యకో,
రోడ్డు మీద కాసేపు కూచుని వెళ్లిపోయేది.
ఇప్పుడు ఎండ ఫెళ్లున కాస్తున్న మంగళవారం,
గాలన్నా లేని పూట,
మెక్రెడీ వాళ్ల గరాజులో చేపపిల్లలు.
చర్చి వెనక పైన్ చెట్లు
ఉప్పు తాగి, నిలబడే చచ్చిపోయాయి.

ఈ దీవిలో మట్టి తక్కువ.
మావాళ్లని మా పెరట్లోనే పాతుకుంటాం.
మార్చిలో అమ్మమ్మ శవపేటిక పిడి బయటపడింది.
ఇత్తడిది.
ఏం చెయ్యాలో తోచక
గుడ్డ తెచ్చి దాన్ని తుడిచాను.

ఏప్రిల్లో రాజధాని నుంచి హోల్కమ్ అనే ఆయన వచ్చాడు.
కొత్త బూట్లు.
"నీరు పెరగలేదు మిస్ వెర్నా,
మీ గుంజ కుంగింది."
గుంజ కుంగితే రేవు కుంగాలి కదా,
రేవు కుంగితే దాని మీదున్న నువ్వూ కుంగాలి కదా అన్నాను.
నీళ్లు నమిలాడు.
మా ఊళ్లో వాటికేం కొదవ,
ఉప్పగా ఉన్నాయేమో, ఎక్కువసేపు నమల్లేదు.
సంచీలోంచి కాగితం తీశాడు:
ఇకమీదట నివేదికల్లో 'పెరుగుదల' అన్న మాట రాయకూడదట.
'తరచుగా తడి' అని రాయాలట.
సభలో చెయ్యెత్తి ఒప్పుకున్నారట,
అందరూ పొడిగా ఉన్న చోట.

మర్నాడు ఇద్దరు కుర్రాళ్లొచ్చి
రేకు పీకి, అల్యూమినియం బోర్డు బిగించారు.
దాని సున్నా పద్నాలుగు అంగుళాలు పైన.
నిన్న పదిహేడు.
ఇవాళ మూడు.
ఒక్క రాత్రిలో సముద్రం
మా నాన్న పడుచుతనం దాకా వెనక్కి నడిచింది,
నా పిక్కల దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉండి.

మా తమ్ముడు డ్యూయీ సంబరపడ్డాడు.
"చూశావా, ఇది ఒట్టి కోత.
గట్టు కరుగుతోంది, అంతే.
గోడ కట్టిస్తే సరి."
వాడి వాకిట్లో సెనేటర్ గారి ఎన్నికల బోర్డు ఇంకా ఉంది,
పోటు వేళకి
ఆయన నవ్వు గడ్డం దాకా మునుగుతుంది.

నన్ను నేను మినహాయించుకోను.
నేనూ ఆయనకే వేశాను, రెండుసార్లు.
గోడ కడతానన్నాడు.
లేని నీటికి గోడ దేనికని
అడగాలని అప్పుడు తోచలేదు.
కాళ్ల కిందకి నీళ్లొస్తే గానీ తెలియదంటారు.
వచ్చాయి.
డ్యూయీ బూట్లు మార్చాడు,
ఇంకాస్త పొడుగువి.

పాత రేకు చెత్తకుప్పలో దొరికింది.
తెచ్చి వంటింటి గుమ్మానికి కొట్టాను,
నా మనవరాలు ట్వైలా ఎత్తు గీతల పక్కన.
"ఇది ఎవరి ఎత్తు?" అంది.
ఇంకా ఎదుగుతున్నవాళ్లది అన్నాను.
అది గుమ్మానికి వీపానించి నిలబడి
తల మీద అరచెయ్యి పెట్టి
తనే ఎక్కువని తేల్చుకుంది.

మొన్నటి పోటు
గడప దాటి రెండో గీత దాకా వచ్చింది.
ట్వైలా స్టూలు మీంచి వంగి చదివింది,
ఎవరూ చెప్పకుండానే
బిస్కట్ల పెట్టె చింపి
వెనకవైపు అంకె వేసింది.
రెండు అంకె తిరగబడింది. సరిచెయ్యలేదు నేను.

బల్ల దగ్గర నా ముందు కౌంటీ ఫారం.
తరచుగా తడి, అని రాశాను.
సంతకం పెట్టాను.
సాక్సులు విప్పి
పిండుకున్నాను.