అక్టోబరు ఇరవై ఒకటి

నల్లబల్ల మీద 'చరిత్రలో ఈరోజు'
ఈ వారం కాశింబీ వంతు.
గుండ్రటి అక్షరాలు, అరిగిన సుద్దముక్క:

వేల్స్ దేశం, అబర్‌ఫాన్ ఊరు.
పందొమ్మిది వందల అరవై ఆరు.
వానకు నానిన బొగ్గుతుక్కు గుట్ట
జారి బడి మీద పడింది.
పోయిన పిల్లలు నూట పదహారు.

నూట పదహారు.
పెళ్లి పందిట్లో మనం చదివించే అంకె.

"ఎన్నింటికి సార్?"
తొమ్మిదింబావుకి, అన్నాను.
మా చీమకుర్తి బళ్లో
ప్రార్థనయి లోపలికొచ్చే వేళ.

ఎవరూ మాట్లాడలేదు.
కిటికీ పక్క వరుస మాత్రం తల తిప్పింది.
క్వారీవాళ్లు పారబోసిన రాళ్లగుట్ట
రాత్రి తుపానుకి తడిసి
నల్లగా, చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది.
దాని మీద ఇంకో లారీ వెనక్కి నడుస్తోంది.

కాశింబీ చేతులు పావడాకి తుడుచుకుని
ఏళ్లుగా తెరవని వెనక తలుపు దగ్గరికెళ్లి
గడియ లాగడం మొదలుపెట్టింది.