పదకొండు నిమిషాల పాట

మొక్కజొన్న మిల్లు మీద మా రేడియో.
పగటిపూట కింద మర తిరిగితే
పైన వార్తలు చదివే గొంతు వణికేది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి దుప్పటి,
దుప్పటి సందులోంచి
సరస్సు మీద చేపలవాళ్ల దీపాలు.

ఆ రాత్రి మర ఆగింది.
ఓట్లు లెక్కపెడుతున్నారు.

ఒక్కో బడి నుంచి ఒక్కో ఫోను.
తలుపుకి అంటించిన కాగితం మీద
టార్చి వేసి చూసి చెప్పేవాళ్లు:
చిగోంబా బడి, నాలుగు వందల పన్నెండు, నూట ఎనిమిది, సున్నా.
మసిన్జా బడి, వర్షం పడుతోంది, కాస్త ఆగండి.

న్దాజియోన చదివేది.
ఆ పేరుకి మా చిచేవాలో 'చూశాను' అని అర్థం.
వాళ్లమ్మ ఏం చూసి పెట్టిందో
నేనెప్పుడూ అడగలేదు.
సున్నాని కూడా తొందరపడకుండా చదివేది,
సున్నా వచ్చినవాడి ఇంట్లోనూ
వినేవాళ్లుంటారని.

నేను మీటల దగ్గర.
గొంతు పెంచే మీట, గొంతు దించే మీట.
పదిహేనేళ్లలో నా గొంతు గాలిలోకి వెళ్లింది ఒక్కసారే,
అదీ దగ్గు.

తొమ్మిదింబావుకి ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.
అరవలేదు, బల్ల గుద్దలేదు.
చెప్పులు బయటే విడిచాడు.
"మీ లైసెన్సు మార్చితో అయిపోతుంది కదా" అన్నాడు,
మా ఇంట్లో అందరూ కులాసాయేనా అన్నట్టు.
"లెక్కలు రాజధానిలో వాళ్లు చెబుతారు.
జనం అలిసిపోయి ఉన్నారు,
కాసేపు పాటలు వేయండి."

న్దాజియోన నావైపు చూసింది.
చేతిలో కవులే బడి కాగితం.
నేను నీళ్లు నమిలాను.
ఆమె మైకు మీట కిందికి జరిపాను.

ఒక్క వేలు. అరంగుళం.
ఓట్లు మాయం చెయ్యాలంటే
పెట్టెలు ఎత్తుకుపోవాలనుకునేవాణ్ణి.

పాట మొదలైంది.
పెళ్లిళ్లలో పిల్లలు ఎగిరే పాట.
అద్దం అవతల ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి,
మైకు పోయిందని తెలిసీ.

దుప్పటి తొలగించి చూశాను.
రోడ్డు నిండా సైకిళ్లు, హ్యాండిళ్లకు రేడియోలు,
అన్నిట్లోనూ నా పాటే.
ఒక్కరూ ఎగరలేదు. ఒక్కరూ ఇంటికి పోలేదు.
ఎండుచేపల ఎలుబే మాత్రం
తన రేడియోని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి,
బ్యాటరీలు తీసి
నడుముకు చుట్టిన గుడ్డకి తుడిచి మళ్లీ వేసింది.
మళ్లీ పాటే.
వేరే బ్యాటరీల కోసం చీకట్లోకి పరిగెత్తింది.

నన్ను తిట్టినా బాగుండేది.

అప్పుడొచ్చాడు కవులే నుంచి స్టోనార్డ్ మాస్టారు,
తొమ్మిది కిలోమీటర్లు తొక్కి, బురద మోకాళ్లదాకా.
ముంజేతి మీద పెన్నుతో రాసుకున్న అంకెలు
సగం చెమటకి కారిపోయాయి.
మిగిలిన సగం నోటికొచ్చు.
ఆయన ఒక అంకె చెబితే
ముందువాళ్లు వెనకవాళ్లకి,
వెనకవాళ్లు మెట్ల మీదివాళ్లకి.
మా తలుపు దాకా వచ్చేసరికి
అంకె ఒక్కటి కూడా మారలేదు.

చెప్పులు విడిచినాయన గడియారం చూసుకున్నాడు.

మీట పైకి జరిపాను.
ధైర్యం అనకండి.
పాట అయిపోయింది,
ఇంకోటి పెట్టడానికి చెయ్యి రాలేదు, అంతే.

న్దాజియోన గొంతు సవరించుకోలేదు,
అంతరాయానికి చింతిస్తున్నాం అనలేదు.
"పదకొండు నిమిషాలు మేము పాట వేశాం" అంది.
మేము అంది.
"కవులే బడి. మళ్లీ మొదటి నుంచి."

మార్చిలో ఏమైందో మీరు ఊహించుకోగలరు.
ఇప్పుడు ఆ గదిలో పిండి బస్తాలు.

శుక్రవారం శుక్రవారం
ఎలుబే దగ్గర చేపలు కొంటాను.
ఆ రాత్రి తన బ్యాటరీలే చెడిపోయాయని,
మంచి కంపెనీవి కొనుక్కోవలసిందని
ఇప్పటికీ చెబుతుంది.
చేపలు తూస్తూ చెబుతుంది.

ఇంతవరకు నేను దిద్దలేదు.