కిలో లెక్కన

మొయిన్ సాబ్ దుకాణం ఎత్తేస్తుండని
దేవరకొండ బస్సుల చెప్పినోడు లింగస్వామి.
నల్లగొండ గడియారం కాడ, మెట్ల కింద,
ముప్పై ఏండ్లు రేడియోల కడుపులు కోసి కుట్టిన దుకాణం.
"అన్నీ సగం ధరకేనట సారూ, సోమవారం దాకనే."

మా కాడున్నయి నాలుగువేల ఎనమన్నూట అరవై.
అండ్ల పన్నెండు నూర్లు నేను మోటార్లు చుట్టినయి,
ఆరు నూర్లు నౌషీన్ పాత పేపర్లు అమ్మినయి,
మిగిలినయి ఛాయ్ హోటల్ డబ్బాల
ఎందుకని అడగకుంటనే జనం ఏసిపోయినయి.

మాది గది గాదు. ఒకప్పటి ఎరువుల గోదాం.
వాన పడితే ఇప్పటికీ
గోడలల్లకెంచి యూరియా వాసన లేస్తది.
ఒక్క సోల్డరింగ్ కడ్డీ, పదకొండుమంది పిల్లలు.
వంతుకు చీటీలు ఏసుకుంటరు,
చీటీల మోసం గూడ చేస్తరు.

మొయిన్ సాబ్ లెక్కపెట్టలే.
తక్కెడ తీసిండు.
ఒక దిక్కు కిలో రాయి, ఒక దిక్కు రెసిస్టర్లు.
పల్లికాయ జోకినట్టు జోకి
పైన గుప్పెడు కొసరు పోసిండు.

"మూడు నూర్లు కిలో."
"రెండు," అన్న నేను. బేరం చెయ్యకుంటే
ఆయన సరుకును తక్కువ చేసినట్టు గదా.
"ఎవలకు?"
"పిల్లలకు."
"అయితే మూడున్నర. అగ్గువకొచ్చింది
అగ్గువగనే పారేస్తరు."
అని, నవ్వి, రెండున్నరే తీసుకున్నడు.

గోడకు వేలాడే మీటర్ మాత్రం అమ్మనన్నడు.
ముల్లు ఒణుకుతున్న పాత మీటర్, అద్దం మీద గీతలు.
"ఇంటికి పోయి ఏం కొలుస్తవు తాతా?"
పీర్యా అడిగిండు, వానికి నోరు ఆగదు.
ముసలాయన మీటర్‌ను కుర్తాతోటి తుడిచి
మళ్ళ అదే మొలకు తగిలించిండు.

బస్సుల కండక్టర్ మూట ఎత్తి చూసిండు.
"మొలలా?"
"గాదు."
"మరేంది?"
ముగ్గురం ముగ్గురి మొకాలు చూసుకున్నం.
సామాను టికెట్ కొట్టిండు, ముప్పై రూపాయలు.

ఇంటికొచ్చి బొంత మీద కుమ్మరిస్తే తెలిసింది
సగం ధర అంటే ఏందో.
మిగిలిన సగం కండ్లతోటి కట్టాలె.
రంగు గీతలు వెలిసినయి కొన్ని,
తేమకు కాళ్ళు తుప్పు పట్టినయి కొన్ని,
కెపాసిటర్లు ఉబ్బి, నెత్తులు పగిలి.

రంగుల లెక్క పిల్లలకు ఎంత చెప్పినా నిలువలే.
ఆఖరికి నౌషీనే కట్టింది సొంతంగ:
బొగ్గు సున్న, మట్టి ఒకటి, మిరప రెండు,
మోదుగుపువ్వు మూడు, పసుపుకొమ్ము నాలుగు,
పెసరకాయ ఐదు, నీలిమందు ఆరు,
నేరేడు ఏడు, బూడిద ఎనిమిది,
పత్తి తొమ్మిది.
ఆ రోజుకెంచి ఎవలూ తప్పలే.
నేనే ఒకటి రెండు సార్లు తప్పిన.

మూడు వారాలు పట్టింది ఏరనీకి.
అగ్గిపెట్టెలు, మందుల డబ్బాలు, గుడ్ల అట్టలు,
అన్నిటి మీద సుద్దతోటి అంకెలు.
నడుమ ఒక పొద్దు మొయిన్ సాబ్ ఫోను:
"ఎన్ని పనిచేస్తున్నయి?"
"అన్నీ," అన్న.
"అబద్ధం. సగమన్న సచ్చి ఉంటయి.
నాకు తెల్సే జోకిన." కొంచెం ఆగి,
"ఏరుతున్నరా మరి?"
"ఏరుతున్నం."
"ఊఁ," అని పెట్టేసిండు.

బోరు ఎండితే మోగాలని పీర్యా ఒక గంట చేసిండు.
తండల వాళ్ళ మోటారుకు కట్టినం.
మొదటి రాత్రి నీళ్ళున్నా మోగింది,
రెండో రాత్రి నీళ్ళు లేకున్నా మోగలే.
వాళ్ళమ్మ లైటు పట్టుకొని రెండు రాత్రులూ పోయింది.
పోయొచ్చి ఏమీ అనలే,
గంటను మాత్రం బియ్యం డబ్బా మీద పెట్టింది,
"మళ్ళ చూడు" అన్నట్టు.

ఇగ ఎంత కొలిచినా అంకె తేలనియి,
పేరు తెల్వనియి, మూడు కాళ్ళయి, ఐదు కాళ్ళయి,
నల్లటి పురుగుల లెక్కున్నయి
ఒక బిస్కిట్ డబ్బాల పోసి
పైన నౌషీన్ రాసింది: ఏందో.

పొద్దుగాల గోదాం షట్టర్ లేపంగనే
పిల్లలు ముందుగాల ఉరికేది
ఆ డబ్బా కాడికే.